ఆటు వేళ ఆకుపచ్చ కారు

మర్దీనా గోనెపట్టా పరుచుకుని, వెల్లకిలా పడుకుని, కారు పొట్టకి అంటిన ఉప్పు కడుగుతోంది. ఆ కారు కిందకి పిల్లి దూరాలన్నా వంగాల్సిందే. అందుకని ఒక పక్క జాకీ పెట్టి లేపి, భుజాల దాకా లోపలికి జరిగింది. పక్కనే గోరువెచ్చని నీళ్ల బకెట్టు. గుడ్డ ముంచడం, పిండడం, ఇనుము మీద ఒక్కొక్క జానెడూ తుడవడం. హర్మసే దీవిలో మూడు రోజులు గాలి వీచిందంటే గడ్డిపరక నాకినా ఉప్పగా ఉంటుంది. ఇనుము సంగతి చెప్పేదేముంది? ఒక్క రోజు కడక్కపోతే తుప్పు, వారం కడక్కపోతే చిల్లు. అందుకే ఎనిమిదేళ్లుగా ఆమెకి ఇది పళ్లు తోముకోవడం లాంటి పని.

ఇంటి ముందు తలుపు మీద టక్ టక్ మని చప్పుడయింది.

హర్మసేలో తలుపు తట్టేవాళ్లు రెండు రకాలు. దారి తప్పిన యాత్రికుడు, చెడ్డ కబురు తెచ్చిన పోలీసు. మిగిలినవాళ్లందరూ వెనక తలుపు తోసుకుని వచ్చి, కెటిల్ పొయ్యి మీద పెట్టుకుని, ఇంట్లో ఎవరూ కనబడకపోతే తామే ఓ కప్పు టీ తాగి పోతారు. పోయేటప్పుడు చెప్పిపోవడం కూడా పరాయివాళ్ల లక్షణమే. ఇంటివాడు సెలవు తీసుకోడు కదా.

అయితే మార్చి నుంచి తలుపు తట్టేవాడు మూడోవాడొకడు తయారయ్యాడు.

మర్దీనా కారు కిందినుంచే తల తిప్పి చూసింది. గుమ్మం ముందు పసుపుపచ్చ రబ్బరు బూట్లు కనిపించాయి. లాక్లన్. ఆమె భర్త యూవెన్‌కి అన్న. పొలం గట్టుకి అవతల ఇల్లు. దీవికీ అవతలి గట్టుకీ మధ్య తిరిగే పంటు మీద ముప్పై ఒక్క ఏళ్లుగా బండ్లు ఎక్కించే పెద్ద. ఏ బండి ఎక్కాలో ఏది ఒడ్డున ఉండాలో డెక్కు మీద అతని మాటే మాట.

"ఇంట్లో ఎవరైనా ఉన్నారాండీ?" అన్నాడు లాక్లన్, మూసి ఉన్న తలుపుతో.

"అయిదడుగుల దూరంలో నా కాళ్లు కనబడటం లేదూ?"

"శ్రీమతి మెకాస్కిల్ గారూ, కాళ్లతో మాట్లాడటం మర్యాద కాదని తలుపు తట్టాను."

మర్దీనా బయటికి జరిగి లేచి నిలబడింది. యాభై నాలుగేళ్ల మనిషి, బడిలో పిల్లలకి వండిపెడుతుంది, పెద్ద గిన్నెలు ఎత్తి ఎత్తి గట్టిపడ్డ భుజాలు. జుట్టులో గోనె పీచు ఇరుక్కుంది. లాక్లన్ ఆ పీచుని చూశాడు. పాత రోజుల్లోనైతే 'పిల్లా, గొర్రెలతో పడుకున్నావా?' అనేవాడు. ఇప్పుడు టోపీ తీసి చేత్తో పట్టుకున్నాడు.

"శనివారం పదకొండున్నర పంటు సంగతి చెప్పిపోదామని వచ్చానండీ. ఆ రోజు ఆటు ఈ ఏడాదికల్లా పెద్దది. రేవులో నీళ్లు అడుగంటుతాయి. తమ కారుని ఎక్కించుకోవడం వీలు పడదు."

"పందెం శనివారమే, లాక్లన్."

"విన్నానండీ."

"రెండింటిలోపు అక్కడ పేరు రాయించాలి. సాయంత్రం పంటుకి పోతే చీకట్లో కొండని చూసి రావాలి."

"నీళ్లు గడియారం చూసి కదలవు కదండీ. మరి సెలవు తీసుకుంటాను."

టోపీ పెట్టుకుని వెళ్లిపోయాడు. పంటు లేదన్న మాటకంటే ఆ సెలవే మర్దీనాకి ఎక్కువ గుచ్చుకుంది.

ఆ కారు దీవికి వచ్చిన తీరే వేరు. వేసవికి అద్దె ఇంట్లో దిగిన ఒక పట్నం పెద్దమనిషి దాన్ని మంచి పోటు మీద తీసుకొచ్చాడు. ఇద్దరు కూర్చునే కారు, ఆకుపచ్చ రంగు, ముక్కు పొడుగు, నేలకీ పొట్టకీ మధ్య నాలుగు వేళ్ల సందు. రావడమైతే వచ్చింది గానీ, పోదామంటే ఆయన సెలవులన్నీ ఆటు రోజుల్లోనే పడ్డాయి. పంటు ముందు వాలే ఇనుప నాలుక మీదికి ఎక్కించబోయి మూడుసార్లు ముక్కు గీరుకున్నాడు, నాలుగోసారి తాళంచెవి మర్దీనా చేతిలో పెట్టి నడిచి పంటు ఎక్కేశాడు. ఆమె అప్పటిదాకా ట్రాక్టరూ, బడి వ్యానూ తప్ప ఏమీ తోలలేదు. మొదటిరోజు దీవికున్న పదకొండు మైళ్ల దారి మీద ఒక చుట్టు తిరిగి వచ్చి యూవెన్‌తో, "ఇది నాకోసమే పుట్టింది, దారి తప్పి ఆయన దగ్గరికి పోయింది" అంది.

అవతలి గట్టున పట్నానికి ముప్పై మైళ్లలో ఒక కొండ ఉంది. ఏటా శరత్కాలంలో ఆ కొండ మెలికల దారి మీద ఒక్కొక్క కారుని వదిలి గడియారం పట్టి పందెం పెడతారు. మర్దీనా ఆరేళ్లుగా పోతోంది. నిరుడు రెండో స్థానం, కనురెప్ప వాల్చినంత తేడాతో. ఈ ఏటితో పందేలు ఆఖరు. ఆ కొండ మీద గాలిమరలు వేస్తున్నారు, దారి మూసేస్తారు. ఈసారి తప్పితే ఇక లేదు. తాను గెలుస్తానని మర్దీనాకి పిసరంత అనుమానం కూడా లేదు. ముందు కొండ దాకా చేరాలి, అంతే.

చేరడమే చిక్కు. రోజుకి రెండే పంట్లు. మంగళవారం నుంచి గాలికి అవీ లేవు. రేపు శుక్రవారం గొర్రెపిల్లల సంత, రెండు పంట్లూ లారీలకే. మిగిలింది శనివారం పదకొండున్నర.

పోటు మీద ఉన్నప్పుడు పంటు రేవులో ఎత్తుగా నిలుస్తుంది. దాని నాలుక వాలి గట్టు మీద చదునుగా పడుతుంది. ఆటప్పుడు పంటు కిందకి, కిందకి దిగిపోతుంది. రేవు వాలూ నాలుకా కలిసేచోట లోయలాగా మడత పడుతుంది. మామూలు కార్లు గునుస్తూ దాటేస్తాయి. మర్దీనా కారు లాంటిది ఆ మడతలో దిగిందంటే ముందు ముక్కు, తరవాత పొట్ట గుద్దుకుంటాయి. అందుకని రెండు పొడుగాటి పలకలు మడత మీద వంతెనలా వేస్తారు. పలక వెడల్పు జానెడు. చక్రాలు వాటి మీదే నడవాలి, ఆగకూడదు, వేగం పెంచకూడదు.

మార్చిలో ఇలాంటి ఆటు రోజే పలకల మీద పోతుంటే ఎడమ చక్రం జారింది. సైలెన్సర్ ఊడి రేవులో పడింది. వెనక ఆరు కార్లు, ఒక ట్రాక్టరు, పాదిరి గారు. పులిలా గర్జిస్తున్న కారుని తోలుకుని ఇంటికి పోతూ మర్దీనా అందరికీ వినబడేలా అంది: "లాక్లన్ మెకాస్కిల్‌కి పలక వేయడం చేతకాదు!"

లాక్లన్ ఒక్కటే మాట అన్నాడు. "ఆడలేక మద్దెల ఓడన్నట్టుంది."

మర్నాడు వచ్చి తలుపు తట్టాడు.

*

గురువారం మధ్యాహ్నానికి గాలి కాస్త తగ్గింది. బడి మూసే ఉంది. మర్దీనా యూవెన్‌ని పెరట్లోకి పిలిచింది. అతను గొర్రెల మనిషి, రోజుకి ఇన్ని మాటలని లెక్కపెట్టి ఖర్చు చేసేవాడిలా మాట్లాడతాడు.

"గొర్రెల బండి నాలుక దించు. దానికెదురుగా ఆ రాళ్ల మీద పాత తలుపు వాలుగా పెట్టు. మధ్యలో మడత రావాలి. దాని మీద రెండు పలకలు."

"ఎందుకు?"

"నాకు తోలడం చేతవునని నీ అన్నకి చూపించడానికి. పదిసార్లు దాటి చూపిస్తాను. పదకొండోసారి నోరెత్తడు."

యూవెన్ పలకలు వేశాడు. అన్నకున్నంత నేర్పు లేదు గానీ తిన్నగానే వేశాడు. మర్దీనా ఎక్కించింది, దించింది. మళ్లీ ఎక్కించింది. చక్రాలు పలక మధ్యలో దారం గీసినట్టు పోయాయి. తొమ్మిదోసారి దిగి నడుం మీద చేతులు పెట్టుకుంది.

"చూశావా? పలక సరిగ్గా వేస్తే చక్రం ఎక్కడికీ పోదు. తప్పు వేసేవాళ్లలోనే ఉంటుంది."

"ఊఁ" అన్నాడు యూవెన్.

పదోసారి సగం పలక మీద ఉండగా దారి మీద పోస్టు షానీ ఎర్ర వ్యాను వచ్చింది. మూడు రోజుల తరవాత ఇల్లు వదిలి బయటపడ్డ సంబరమేమో, పాంక్ పాంక్ మని మోగించి చెయ్యెత్తాడు.

దబ్బున చప్పుడయింది.

మర్దీనా చూసుకుంది. తన కుడి చెయ్యి గాలిలో ఉంది. వేళ్లన్నీ విచ్చుకుని షానీ కేసి ఆడుతున్నాయి. ఎడమ చెయ్యి ఒంటరిదై స్టీరింగ్‌ని తనవైపు లాక్కుంది. ఎడమ చక్రం పలక దిగి మడతలో కూర్చుంది. వ్యాను మలుపు తిరిగి పోయింది. ఆమె చెయ్యి మాత్రం ఇంకా దిగలేదు.

హర్మసేలో దారిలో ఎదురైన వాళ్లకి చెయ్యెత్తకుండా పోవడమన్నది లేదు. పగవాడైనా సరే, చెయ్యెత్తి పగబట్టాలి. పిల్లలు మాట నేర్చేముందు ఇది నేర్చుకుంటారు. ఎవరూ అనుకుని ఎత్తరు, చెయ్యే లేస్తుంది.

మర్దీనా మెల్లిగా చెయ్యి దించి, ఒళ్లో పెట్టుకుని, దాన్ని ఎవరిదో చెయ్యిలా చూసింది. మార్చిలో ఆ రోజు కూడా రేవు పైన షానీ వ్యాను ఆగి ఉంది.

"యూవెన్."

"ఊఁ."

"నీకు తెలుసా?"

"తెలుసు."

"ఎప్పటినుంచి?"

"మార్చి నుంచి. నీ పక్కనే కూర్చున్నానుగా."

"మరి ఆర్నెల్లుగా నోట్లో ఏం పెట్టుకున్నావు?"

యూవెన్ వంగి జారిన చక్రం చూశాడు. "నువ్వు అడగలేదు. పైగా మన ఇంటికి ఒకడైనా తలుపు తట్టి రావడం బాగానే ఉంది. లోపలికొచ్చేలోపు నేను ప్యాంటు తొడుక్కోవచ్చు."

మర్దీనాకి కోపం రావాలి. నవ్వు వచ్చింది. ఆ నవ్వు మధ్యలోనే ఆగిపోయింది. తాను పట్టిన కుందేలుకి మూడే కాళ్లని ఆర్నెల్లు ఊరంతా వాదించింది. నాలుగో కాలు ఇదిగో, ఒళ్లో ఉంది.

*

శుక్రవారం సాయంత్రం రేవంతా గొర్రెపిల్లల అరుపులు. లారీలు ఒకదాని వెనక ఒకటి పంటులోకి వెనక్కి పోతున్నాయి. లాక్లన్ రెండు చేతులతో వాటిని పిలుస్తున్నాడు. మర్దీనా బడి వంటింటి నుంచి తిన్నగా వచ్చి అతని పక్కన నిలబడింది.

"మార్చిలో చెయ్యెత్తింది నేనే" అంది.

లాక్లన్ లారీ మీద నుంచి చూపు తిప్పలేదు. "ఏ చెయ్యండీ?"

"కుడి చెయ్యి. షానీకి. చక్రం నేనే దించాను, నీ పలక కదల్లేదు."

"ఇంకాస్త రా, ఇంకాస్త... ఆపు!" అని లారీవాడి మీద అరిచి, అప్పుడు ఆమె వైపు తిరిగాడు. "పాదిరి గారి ముందు అన్నారు తమరు. లాక్లన్‌కి పలక వేయడం చేతకాదని."

"అన్నాను."

"ముప్పై ఒక్క ఏళ్లండీ. ఇదే పలకల మీద శవపేటిక బండి దాటించాను, పువ్వు రాలలేదు. ఆబోతుని దాటించాను. పెళ్లి కేకు దాటించాను. ఆ రోజు నుంచి ప్రతివాడూ పలక ఎక్కేముందు దిగి చూసుకుంటున్నాడు, లాక్లన్ సరిగ్గా పెట్టాడా లేదా అని."

ఇది మర్దీనాకి ఇన్నాళ్లూ తోచలేదు.

"రేపు అదే రేవులో, అదే మనుషుల ముందు ఆ మాట వెనక్కి తీసుకుంటాను. నువ్వు ఎక్కించుకున్నా సరే, ఎక్కించుకోకపోయినా సరే."

"తీసుకున్నంత మాత్రాన నీళ్లు పెరగవండీ."

"పెరగవు. పలకలు నువ్వు వెయ్యి. కారు నేను తోలతాను. నీ పలక మీద ఇంక అనుమానం లేదు, నా తోలడం మీద మొదటినుంచీ లేదు."

"మరి చెయ్యో?"

"చెయ్యికి నేను జవాబుదారీ."

లాక్లన్ మొదటిసారి ఆమెని తిన్నగా చూశాడు. "చెయ్యికి ఎవరూ జవాబు చెప్పలేరండీ. నా పెళ్లిలో ప్రమాణం చదువుతూ, చర్చి కిటికీలోంచి ట్రాక్టరు పోతూ కనబడితే చెయ్యెత్తాను నేను. మీ తోడికోడలు ఇప్పటికీ ఆ మాట అంటుంది." తరవాతి లారీ హారన్ కొట్టింది. "రేపు పదకొండుకి రండి. నీళ్లు చూసి చెబుతాను. మాటైతే ఇవ్వను."

*

శనివారం రేవు పళ్లూడిన నోరులా ఉంది. రోజూ నీళ్ల కింద ఉండే మెట్లూ, నాచూ, ఎవరిదో పోయిన లంగరూ అన్నీ బయటపడ్డాయి. పంటు ఎక్కడో కింద గుంటలో ఉన్నట్టుంది. దాని నాలుక పైకి ఎత్తుకుని గట్టుని వెక్కిరిస్తోంది.

వరసలో ఏడు బండ్లు. అన్నిటికంటే ముందు ఆకుపచ్చ కారు. మర్దీనా దిగింది. గొంతు పెంచింది, వంటింట్లో నలభైమంది పిల్లలని కూర్చోబెట్టే గొంతు.

"అందరూ వినండి. మార్చిలో లాక్లన్ పలక తిన్నగానే వేశాడు. నేనే స్టీరింగ్ వదిలేసి షానీకి చెయ్యెత్తాను. తప్పు నాది. మాట జారాను."

అంగడి నడిపే ఎఫీ, "అది మాకు మార్చిలోనే తెలుసులే" అంది.

"తెలిసీ ఒక్కరైనా చెప్పలేదేం?"

"నువ్వు అంత గట్టిగా చెబుతుంటే మా కళ్ల మీద మాకే అనుమానం వచ్చింది, తల్లీ."

జనం నవ్వారు. లాక్లన్ నవ్వలేదు. అతను వాలు దిగి, తన కొలబద్ద కర్రతో మడత లోతు చూశాడు. నాచు మీద ఇసుక చల్లాడు. కారు ముందు మోకరించి, పొట్ట కింద చెయ్యి పెట్టి వేళ్లు కొలిచాడు. మళ్లీ మడత దగ్గరికి పోయాడు. పలకల కింద మామూలుగా పెట్టే మొద్దు తీసేసి ఇంకో పెద్ద మొద్దు పెట్టాడు. ఆమెని పిలవలేదు, చూడలేదు. మర్దీనా కూడా వాలు దిగి పలకలు చూసుకోలేదు. తిరిగి కారెక్కి కూర్చుంది. అందరూ అది గమనించారు.

లాక్లన్ పైకొచ్చి వరస ముందు నిలబడ్డాడు.

"అందరూ బండ్లు దిగండి! గుట్ట వైపు తిరగండి! చేతులు జేబుల్లో పెట్టుకోండి!"

"ఏమిటీ?" అంది ఎఫీ.

"వినబడింది కదా. ఈ కారు నాలుక దాటి లోపలికి పోయేదాకా ఎవడి చెయ్యి బయట కనబడినా వాడు సాయంత్రం పంటే."

ఒకళ్లనొకళ్లు చూసుకుంటూ దిగారు, తిరిగారు, జేబుల్లో చేతులు దోపుకున్నారు. షానీ మాత్రం నిలబడిపోయాడు.

"ఈ కోటుకి జేబుల్లేవు, లాక్లన్."

"అయితే టోపీని రెండు చేతులతో పట్టుకో. ఎగిరిపోతుందనుకో."

యూవెన్ కూడా దిగి, అన్న మొహం చూసి, మారుమాట్లాడకుండా గుట్ట వైపు తిరిగాడు. అద్దంలో మర్దీనాకి వరసంతా కనబడింది. ఊరు ఊరంతా వీపులు. ఇంతమంది తనకి వీపు చూపడం ఆమె పుట్టాక చూడలేదు. ఇంతమంది తనవైపు ఉండటం కూడా చూడలేదు.

గేరు వేసింది. లాక్లన్ నాలుక మీద నిలబడి రెండు చేతులూ చాచాడు. కుడి చెయ్యి కుడి చక్రం, ఎడమ చెయ్యి ఎడమ చక్రం. వేళ్లు తనవైపు ముడుస్తూ, రా, రా.

కారు వాలు దిగింది. ముందు చక్రాలు పలక ఎక్కాయి. పలక మూలిగింది. మొద్దు పట్టింది. ఆమె ఊపిరి బిగబట్టలేదు, పలకల మీద ఊపిరి బిగబడితే కాలు కూడా బిగుస్తుంది. లాక్లన్ వేళ్లు తప్ప ఇంకేమీ చూడకూడదనుకుంది, చూడలేదు. ముక్కు నాలుకని దాటింది. పొట్ట మడత మీదికి వచ్చింది.

అప్పుడు రేవు పైన గుట్ట దాటి పాదిరి గారి నీలం కారు దిగింది. ఎప్పుడూ ఆలస్యమే ఆయన. లాక్లన్ ఆజ్ఞ ఆయన వినలేదు. అందరూ పంటుకి వీపులు తిప్పి, చేతులు దాచుకుని నిలబడ్డారేమిటా అనుకుంటూనే, ఆకుపచ్చ కారు పక్క అద్దంలో కనిపించిన మొహానికి నిండుగా చెయ్యెత్తారు.

ఆ చెయ్యి కంటి కొసలో పడగానే మర్దీనాకి తన కుడి చేతి వేళ్లు ఒక్కొక్కటే కదలడం తెలిసింది. పొయ్యి మీద పాలు పొంగేముందు అంచు వణికినట్టు. బొటనవేలు స్టీరింగ్‌కి అదిమింది. మిగిలిన మూడూ అదిమింది. చూపుడు వేలు మాట వినలేదు. అది ఒక్కటే లేచింది, పాదిరి గారికి మర్యాద చెప్పింది, దిగింది.

చక్రాలు పక్కకి జరగలేదు. వెనక చక్రాలు పలక ఎక్కాయి, దిగాయి. డెక్కు ఇనుము చదునుగా తగిలింది. కింద ఎక్కడా ఏ చప్పుడూ లేదు.

"తిరగండి!" అని అరిచాడు లాక్లన్. జనం తిరిగి చూసి చప్పట్లు కొట్టారు. పాదిరి గారు అద్దం దించి, ఇదేం ప్రార్థన అని అడిగారు.

లాక్లన్ కారు కిటికీ దగ్గరికి వచ్చాడు. "శ్రీమతి మెకాస్కిల్ గారూ, చెయ్యిబ్రేకు వేసుకోండి" అని చెప్పి, రెండో బండిని పిలవడానికి పోయాడు.

మర్దీనా బ్రేకు వేసింది. కారు ఎక్కింది గానీ, ఆ 'గారూ' వినేసరికి మనసులో ఇంకో చక్రం పలక దిగినట్టే ఉంది.

పందెం సంగతి పంటు ఎక్కినంత కష్టం కాలేదు. రెండింటికి పది నిమిషాల ముందు పేరు రాయించింది. నిరుడు ముందొచ్చిన కుర్రాడు ఆమె రబ్బరు బూట్లు చూసి, "ఇంకా అవేనా అవ్వా?" అన్నాడు. "కొండకి బూట్లతో పనేముంది బాబూ" అంది. అడుగు వెడల్పు లేని పలక మీద నడిపిన మనిషికి కొండ దారి పెళ్లి పందిరంత వెడల్పుగా కనబడింది. ఏ మలుపులోనూ ఎవరూ చెయ్యెత్తలేదు, అవతలి గట్టు వాళ్లకి ఆ అలవాటు లేదు. సాయంత్రం పంటు పోటు మీద వచ్చింది. పలకలే అక్కర్లేకపోయాయి. ఆ పంటు మీద లాక్లన్ లేడు.

*

సోమవారం పొద్దున యూవెన్ గంజి తాగుతున్నాడు. మర్దీనా ఉతికిన బట్టల క్లిప్పులు కొండ మీద గెలిచిన వెండి కప్పులో వేస్తోంది. ఆ కప్పుకి తగిన పని అప్పుడే దొరికింది.

వెనక తలుపు తెరుచుకుంది. ఎవరూ తట్టలేదు. పసుపుపచ్చ బూట్లు బురదతో సహా వంటింట్లోకి వచ్చాయి.

యూవెన్ గబుక్కున తన ప్యాంటు చూసుకున్నాడు. తొడుక్కునే ఉన్నాడు.

లాక్లన్ కెటిల్ ఎత్తి చూశాడు, నీళ్లున్నాయి, పొయ్యి మీద పెట్టాడు. కుర్చీ లాక్కున్నాడు. ఓట్స్ రొట్టె ఒకటి తీసుకుని వెన్న మందంగా రాశాడు. పిట్ట వాలిన కొమ్మ కదిపితే ఎగిరిపోతుందన్నట్టు మర్దీనా క్లిప్పులు మెల్లిగా వేసింది.

"ఇదేనా కప్పు?" అన్నాడు రొట్టె నములుతూ.

"ఇదే."

"చిన్నదే."

"క్లిప్పులకి సరిపోతుంది."

టీ పోసుకున్నాడు. ఆమెకి కూడా పోసి ముందుకి తోశాడు. సగం తాగాక అన్నాడు: "పలక మీద నీ వేలు ఒకటి లేచింది పిల్లా. చూశాను."

'నీ' అన్న మాటకి మర్దీనా తలెత్తలేదు. తలెత్తితే కళ్లు కనబడతాయి.

"ఒక్కటే" అంది.

"ఒక్కటైనా లేచింది."

"పాదిరి గారు కదా."

"అదీ నిజమే" అన్నాడు లాక్లన్. "నీ దగ్గర నూలు చేతొడుగులున్నాయి కదా, వాటిని స్టీరింగ్‌కి కలిపి కుట్టేస్తాను వచ్చే ఆటుకి."

"వచ్చే ఆటుకి ఎక్కడికి పోతానని? పందేలు అయిపోయాయి."

"కారుంటే ఎక్కడికో ఒకచోటికి పోతావు. నిన్నెరగనా?"

యూవెన్ గంజి గిన్నె నాకి బల్ల మీద పెట్టాడు. బయట పంటు మొదటి కూత వినబడింది. లాక్లన్ కప్పులో మిగిలిన టీ ఒక్క గుక్కలో తాగి, ఇంకో రొట్టె తీసి జేబులో వేసుకున్నాడు. లేచి, మూలనున్న ఉప్పు కడిగే బకెట్టు కాలికి అడ్డం వస్తే పక్కకి జరిపాడు. టోపీ ముట్టుకోలేదు. సెలవనలేదు. వెనక తలుపు తీసి, దాన్ని అలాగే తెరిచి వదిలేసి, గట్టు మీదుగా రేవు కేసి నడిచిపోయాడు.